తక్కువ ఖర్చులో అరకు: సందేహాలు - సమాధానాలు

అరకు ప్రయాణం గురించి పాఠకులు రాసిన ఉత్తరాల్లోంచి, ఖర్చు గురించి అడిగినవాటిని ఈసారి ఎంచుకున్నాం. అన్నిటికీ కలిపి ముందే ఒక మాట చెప్పాలి. అరకులో డబ్బు మిగిలేది తొందర తగ్గించుకున్నవాళ్లకే. సంతలో గిరిజన మహిళ దగ్గర బేరమాడితే పదో ఇరవయ్యో మిగులుతాయి. కారు మాని రైలో బస్సో ఎక్కి, ఏడు చోట్లకు బదులు మూడు చోట్లు తీరిగ్గా చూస్తే వేలు మిగులుతాయి. ఆ మిగిలిన దాంట్లో కొంత కొండమీది వాళ్ల చేతికే చేరితే ప్రయాణానికి అర్థం ఉంటుంది.

విశాఖ నుంచి అద్దాల రైలుపెట్టెలోనే వెళ్దామని పిల్లలు పట్టుబడుతున్నారు. నలుగురికి లెక్కేస్తే గుండె గుభేలుమంటోంది. మామూలు పెట్టెలో వెళ్తే ఏమైనా కోల్పోతామా?
– ఒక గృహిణి, ఏలూరు

కొండా అదే, సొరంగాలూ అవే. మీరు చెప్పే విస్టాడోమ్ పెట్టెను 2017లో ఈ దారిలో మొదలుపెట్టారు. పైకప్పుకీ పక్కలకీ పెద్ద అద్దాలు, తిరిగే కుర్చీలు ఉంటాయి. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. విస్టాడోమ్‌కు అంతకు ఎన్నో రెట్లు అవుతుంది.

ఈ దారి గురించి పిల్లలకు ముందే చెప్పండి. కొత్తవలస-కిరండూల్ లైను యాత్రికుల కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు దాకా తెచ్చి జపాన్‌కు పంపడానికి 1960లలో వేశారు. దారిలో 58 సొరంగాలు. బొడ్డవర దాటాక బండి ఎక్కడం మొదలుపెడుతుంది. శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, ఆ తర్వాత అరకు. సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషను. ఒక్కో స్టేషను దగ్గర చల్లదనం ఎలా పెరుగుతోందో పిల్లల్నే గమనించమనండి.

నా సలహా ఇది. ఉదయం ఏడు లోపే విశాఖలో బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్‌లో మామూలు సీట్లు ముందే రిజర్వు చేసుకోండి. లోయ ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన కనిపిస్తుంది కాబట్టి పిల్లలు రెండు వైపులా కిటికీలు మార్చుకుంటూ వెళ్లొచ్చు. తలుపు దగ్గర మాత్రం నిలబడనివ్వకండి. అద్దాల పెట్టె మోజు తీరాల్సిందే అనుకుంటే పోయేటప్పుడు మాత్రమే తీర్చి, వచ్చేటప్పుడు ఆర్టీసీ బస్సెక్కండి. వానాకాలంలో కొండచరియలు విరిగి ఈ లైను అప్పుడప్పుడూ మూతపడుతుంది. బయల్దేరే ముందురోజు బండి నడుస్తోందో లేదో కనుక్కోండి.

మేము ప్యారిస్‌లో ఉంటున్నాం. ఇక్కడ ఊళ్లు చూడాలంటే రోజు పాసు కొనుక్కుని మెట్రో ఎక్కుతాం, మిగతాదంతా నడకే. సంక్రాంతికి వస్తున్నాం. అరకునూ అలా, కారు లేకుండా పిల్లలకు చూపించడం కుదురుతుందా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ప్యారిస్

చక్కగా కుదురుతుంది. రోజు పాసు లేదు కానీ ఆర్టీసీ బస్సులు, షేర్ ఆటోలు, జీపులు ఉన్నాయి. కాళ్లకు పని చెప్పే అలవాటు మీకు ఉండనే ఉంది.

విశాఖ నుంచి అరకు రోడ్డు మార్గాన సుమారు 115 కిలోమీటర్లు. ద్వారకా బస్ స్టేషన్‌లో ఎక్కితే శృంగవరపుకోట మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కుతారు. అరకు ఊళ్లోకి చేరాక గిరిజన మ్యూజియం, దానికి చేరువలో కాఫీ మ్యూజియం, పద్మాపురం తోట ఇవన్నీ నడిచి చూసేవే. పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైంది. ఇప్పుడు అక్కడ గులాబీలు, చెట్లమీది గుడిసెలు ఉన్నాయి. గిరిజన మ్యూజియాన్ని మొదటిరోజే చూడండి. పనిముట్లు, వేట సామగ్రి, నగలు, ఇళ్ల నమూనాలు అక్కడ చూసివుంటే, మర్నాడు పల్లెల్లో కనిపించేదేమిటో పిల్లలకు అర్థమవుతుంది.

రెండోరోజు డుంబ్రిగుడ వైపు బస్సో ఆటోనో పట్టుకుని చాపరాయి వెళ్లండి. చదునైన బండల మీద నీళ్లు పరుచుకుని జారే చోటది. ఆ బండలు నాచుతో ఎంతగా జారతాయో పైకి తెలియదు. పిల్లల్ని ఒడ్డు దగ్గరి లోతులేని నీళ్లకే పరిమితం చేయండి. తిరుగు ప్రయాణంలో పల్లెల మీదుగా కాస్త దూరం నడవండి. జనవరిలో ఆకాశం తేటగా ఉంటుంది, నడకకు అంతకు మించిన కాలం లేదు. సంక్రాంతి రోజుల్లో గదులు దొరకడం కష్టం. పండగ దాటిన వారంలో, సోమవారం నుంచి గురువారం లోపు రండి. గది అద్దెలో తేడా మీకే తెలుస్తుంది.

మా అమ్మగారికి డెబ్బై ఏళ్లు. బొర్రా గుహల్లో శివలింగాన్ని చూడాలని ఆమె కోరిక. మోకాళ్ల నొప్పులున్నాయి. తీసుకెళ్లమంటారా? టూర్ ప్యాకేజీలో వెళ్తే నయమా?
– ఒక ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

తీసుకెళ్లండి, కానీ లింగం దాకా ఎక్కించాలని పట్టుబట్టకండి. గుహ ముఖద్వారం నుంచి లోపలికి మెట్లు చాలా దిగాలి, వచ్చేటప్పుడు అవన్నీ ఎక్కాలి. తేమకు కొన్నిచోట్ల మెట్లు జారుతుంటాయి. చేతికర్ర, పట్టు ఉన్న చెప్పులు తప్పనిసరి. మొదటి విశాలమైన భాగం దాకా దిగితే చాలు, గుహ ఎంతటిదో కళ్లకు కడుతుంది. ఇక్కడ కోతుల బెడద ఎక్కువ. ప్రసాదం సంచీ చేతిలో కనబడనివ్వకండి.

ఈ గుహలు సున్నపురాయివి. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సన్నటి ఆమ్లంగా మారి రాతిని కరిగిస్తుంది. ఆ నీరే పైకప్పు నుంచి చుక్క చుక్కగా రాలుతూ, తనలోని సున్నాన్ని వదిలిపెడుతుంది. పైనుంచి వేలాడేవీ, కింద నుంచి లేచేవీ అలా ఏర్పడినవే. లింగమూ అలా ఎదిగిందే. చేత్తో రుద్దితే మన చర్మపు జిడ్డు అంటుకుని ఆ పెరుగుదల ఆగిపోతుంది. దండం దూరం నుంచే పెట్టుకోవాలి. గోస్తనీ నది పుట్టేది ఇక్కడే. అది తాటిపూడి జలాశయం మీదుగా పారి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖ నగరం తాగే నీళ్లలో తాటిపూడి నీళ్లూ ఉన్నాయి.

ఖర్చు సంగతికి వస్తే, ఒక్కరోజులో చూసి రావాలంటే పర్యాటకాభివృద్ధి సంస్థ నడిపే రైలు-రోడ్డు ప్యాకేజీ పెద్దవాళ్లకు సుఖం. పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు, మధ్యలో భోజనం వాళ్లే చూసుకుంటారు. కానీ ప్రతిచోటా గడియారం చూసుకుంటూ పరుగెత్తాలి. అమ్మగారికి నెమ్మది కావాలంటే బొర్రా గుహలు స్టేషన్‌లోనే దిగిపోండి. గుహలు అక్కడికి దగ్గరే. చూశాక ఆటోలోనో జీపులోనో అరకు వెళ్తే దారిలో అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట కాఫీ తోటలు కూడా చూసినట్టవుతుంది. రాత్రికి అరకులో ఉండి మర్నాడు బస్సులో దిగండి.

రెండు రోజుల సెలవు దొరికింది. బొర్రా, అరకు, వంజంగి, లంబసింగి అన్నీ కలిపి బైకు మీద కొట్టేద్దామనుకుంటున్నాం. దారి చెప్పండి.
– ఇంజనీరింగ్ విద్యార్థులు, విజయనగరం

దారి చెప్పగలను, కానీ ఈ పథకానికి ఒప్పుకోలేను. పటంలో దగ్గరగా కనిపించే ఈ ఊళ్ల మధ్య అంతా ఘాట్ రోడ్లే. వంజంగి మేఘాలు చూడాలంటే తెల్లవారకముందే కొండెక్కాలి. లంబసింగి పొగమంచు చూడాలన్నా అంతే. రెండు తెల్లవారుజాములకు రెండు చోట్ల ఉండాలంటే రాత్రిపూట మంచులో, నిద్రలేని కళ్లతో బండి నడపాలి. ఆ పని చేయొద్దు.

రెండుగా విడగొట్టుకోండి. మొదటి ప్రయాణం శృంగవరపుకోట వైపు నుంచి బొర్రా, అరకు. రెండోది నర్సీపట్నం వైపు నుంచి లంబసింగి, చింతపల్లి. తీరికుంటే అటునుంచి పాడేరు వెళ్లి, అక్కడ రాత్రి ఉండి, తెల్లవారుజామున వంజంగి ఎక్కొచ్చు. వంజంగి పాడేరు పక్కనే.

రెండో దారిలో చరిత్ర ఎక్కువ, ఖర్చు తక్కువ. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన మన్యం వీరులతో మొదట దాడిచేసి ఆయుధాలు పట్టుకుపోయింది చింతపల్లి పోలీసు స్టేషన్ నుంచే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. కొండ దిగి నర్సీపట్నం వైపు వచ్చేటప్పుడు అక్కడికి వెళ్లండి. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు ఎవరి పేరు పెట్టారో, ఆ మనిషి నడిచిన దారుల్లోనే మీరు బండి నడుపుతున్నారు.

ఒక హెచ్చరిక. ఏజెన్సీ నుంచి దిగే దారుల్లో గంజాయి తనిఖీలు గట్టిగా ఉంటాయి. కొత్తవాళ్లు ఇచ్చిన పార్సిల్ గానీ సంచీ గానీ, ఎంత బతిమాలినా మీ బండి మీద పెట్టుకోవద్దు.

మా పొదుపు సంఘం మహిళలం పది మందిమి కలిసి వెళ్లాలనుకుంటున్నాం. మగవాళ్లు ఎవరూ రారు. తక్కువ ఖర్చులో భద్రంగా ఎలా వెళ్లిరావాలి?
– సంఘం సభ్యులు, తెనాలి

పది మంది ఉండటమే మీ బలం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీ శక్తి పథకం కింద ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అందరి దగ్గరా ఉండాలి. లగ్జరీ, ఏసీ బస్సులకు ఈ పథకం వర్తించదు. అందుకని ఎక్కేముందు కండక్టర్‌ను అడగండి.

బసకు పర్యాటకాభివృద్ధి సంస్థవారి హరిత హోటళ్లు అరకులో, అనంతగిరిలో, టైడాలో ఉన్నాయి. ముందే బుక్ చేసుకోండి. స్థానిక గిరిజన కుటుంబం నడిపే బస దొరికితే అది ఇంకా మంచిది. అయితే గదులు, మరుగుదొడ్లు, వేడినీళ్ల సంగతి ఫోన్లోనే అడిగి, ఫొటోలు తెప్పించుకోండి. చీకటి పడేలోపు బసకు చేరేలా రోజును కుదించుకోండి. కొండల్లో చలికాలం పొద్దు త్వరగా గుంకుతుంది, ఆఖరి బస్సులూ త్వరగా పోతాయి. కొన్నిచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు, ఫోన్లో డబ్బు పంపడం కుదరదు. అరకు, పాడేరు దాటితే ఏటీఎం కోసం వెతుక్కోవాలి. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. ఘాట్ మలుపులకు కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ముందు సీట్లలో కూర్చోవాలి, ఖాళీ కడుపుతో ఎక్కకూడదు.

ఏ నెలలో వెళ్తే ఖర్చు తక్కువ, చూడటానికి ఎక్కువ?
– ఒక పాఠకుడు, ఖమ్మం

నవంబరు మొదటి వారాలు. అప్పటికి వానలు వెనకబడతాయి, జలపాతాల్లో నీళ్లుంటాయి, వలిసె పూలతో పొలాలు పచ్చగా మెరుస్తుంటాయి, డిసెంబరు రద్దీ ఇంకా మొదలుకాదు. డిసెంబరు, జనవరిలో చలి విపరీతం, గదులు ప్రియం. ఉన్ని దుస్తులు మీవి మీరే తెచ్చుకుంటే అక్కడ కొనే పని తప్పుతుంది. మార్చి, ఏప్రిల్‌లో గదులు సులువుగా దొరుకుతాయి, కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. వానాకాలంలో కొండలు అందంగానే ఉంటాయి కానీ దారులను నమ్మలేం. దోమతెర, దోమల మందు ఏ కాలంలోనైనా మరవొద్దు. మన్యంలో మలేరియా ఇప్పటికీ ఉంది. తిరిగొచ్చాక జ్వరం వస్తే డాక్టరుకు అరకు వెళ్లొచ్చిన సంగతి తప్పక చెప్పండి.

బొంగు చికెన్ పేరుతో బాగా లాగేస్తున్నారని విన్నాం. సంతలో వస్తువులకు ఎంతవరకు బేరమాడొచ్చు?
– ఒక వ్యాపారి, సూర్యాపేట

బొంగులో చికెన్‌కు పడే శ్రమ చూడండి. పచ్చి వెదురు కణుపు నరికి తేవాలి. మసాలా పట్టించిన ముక్కల్ని లోపల కూరి, మూతికి ఆకులు బిగించి, మంట మీద తిప్పుతూ కాల్చాలి. నూనె చుక్క పడదు. మాంసంలోని నీటితో, పచ్చి వెదురు తేమతో అది ఉడుకుతుంది. కిలో ఎంతో, బొంగులో ఎంత బరువు పెడతారో వండకముందే అడిగి ఒప్పుకోండి. అప్పుడు ఏ పేచీ ఉండదు. పర్యాటకుల రద్దీకి దూరంగా ఉన్న పాకల్లో ధర కాస్త తగ్గుతుంది. రోజూ మాంసమే తినక్కర్లేదు. చోడి అంబలి, సామల అన్నం అడిగితే వండిపెట్టేవాళ్లున్నారు. కడుపు నిండుతుంది, జేబుకు బరువు కాదు.

సంత సంగతి వేరు. ఒక్కో ఊరికి వారంలో ఒక్కో రోజు సంత. మీరున్న రోజుల్లో దగ్గర్లో ఎక్కడ సంతో బస దగ్గరే అడగండి. పసుపు, మిరియాలు, చింతపండు, రాజ్‌మా, కొండచీపుర్లు, అడ్డాకులు, కాలాన్ని బట్టి పనస, సీతాఫలం, అనాస వస్తాయి. ఇవన్నీ తలమీదా కావడిలోనూ కొండలు దిగి వచ్చిన సరుకు. సాయంత్రానికి అమ్ముడుపోకపోతే మళ్లీ మోసుకెళ్లలేక దళారికి అయినకాడికి ఇచ్చి వెళ్తారు. వ్యాపారులు మీరు, ఆ ఇబ్బంది ఎలాంటిదో మీకు తెలుసు. అలాంటి చోట బేరం వద్దంటాను. చెప్పిన ధర ఇచ్చినా మీ ఊరి కంటే చౌకగానే వస్తుంది. తేనె, కుంకుళ్లు నమ్మకంగా కావాలంటే 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో తీసుకోండి.

అరకు కాఫీ విదేశాల్లో ఎంతో ఖరీదట. అరకులో చవగ్గా దొరుకుతుందా? తోటలోంచి నాలుగు పళ్లు కోసుకుని మొక్కలు పెంచొచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

మీ మొదటి ప్రశ్నకు జవాబు అవును. ప్యారిస్‌లో 2017లో అరకు పేరుతో కాఫీ దుకాణమే తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే కొండల కాఫీ పొడి గిరిజన సహకార సంస్థ దుకాణంలో, ప్యాకెట్ మీద ధర చూసి కొనుక్కోవచ్చు. రోడ్డుపక్క విడిగా అమ్మే పొడి కంటే అది మేలు. చికోరీ కలిపారో లేదో ప్యాకెట్ మీద చదవండి.

తోట చూడటానికి టికెట్టు అక్కర్లేని చోట్లు అనంతగిరి, సుంకరమెట్ట దారిలో చాలా ఉన్నాయి. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ. చలికాలంలో ఎర్రబడ్డ పళ్లను ఏరి ఏరి కోస్తారు. ఒకే కొమ్మ మీద పచ్చివీ పండినవీ ఉంటాయి కాబట్టి అదే తోటకు మళ్లీ మళ్లీ రావాలి. తర్వాత తోలు ఒలిచి, కడిగి, ఎండబెట్టాలి. కప్పులోకి వచ్చేలోపు అంత పని ఉంది.

పళ్లు మాత్రం కోయొద్దు. అది ఒక గిరిజన కుటుంబపు ఏడాది పంట. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. కాఫీ కాయను తొలిచే బెర్రీ బోరర్ అనే పురుగు 2025లో అరకు తోటల్లో కనిపించింది. సోకిన కాయలను కోసి నాశనం చేయాల్సి వచ్చింది. మీరు సంచిలో వేసుకున్న నాలుగు కాయల్లో ఒక్క దాంట్లో ఆ పురుగున్నా, అది దారిలోని మరో తోటకు చేరుతుంది. మొక్కలు కావాలంటే నర్సరీలో అడగండి.

ధింసా నృత్యం చూడాలంటే హోటల్‌కు డబ్బు కట్టాలా? పల్లెల్లో ఉచితంగా చూడలేమా? ఫొటోలు తీసుకోవచ్చా?
– ఒక ఫొటోగ్రాఫర్, నెల్లూరు

ధింసా కొండ పల్లెల పండగ ఆట. మహిళలు ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని, అర్ధచంద్రంగా నిలిచి అడుగులు వేస్తారు. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు మోగుతాయి. మామూలు రోజుల్లో పల్లెకు వెళ్లి ఆడి చూపించమనడం తగదు. వాళ్లకు పొలం పనులుంటాయి. హోటల్ దగ్గరో మ్యూజియం దగ్గరో ఆడే బృందానికి నేరుగా డబ్బివ్వండి. అది వాళ్ల శ్రమకు కూలి.

చైత్రంలో ఇటుకల పండగ సమయానికి వెళ్తే అసలైన ఆట కనబడుతుంది. మగవాళ్లు వేటకు వెళ్తారు. మహిళలు దారులకు అడ్డంగా కర్రలు కట్టి, బళ్లను ఆపి పండగ మామూలు అడుగుతారు. విసుక్కోకండి. పది ఇరవై రూపాయల నోట్లు సిద్ధంగా ఉంచుకుని నవ్వుతూ ఇవ్వండి, వీలైతే దిగి రెండడుగులు కలపండి.

ఫొటో విషయంలో ముందు అడగాలి, తర్వాత కెమెరా తీయాలి. తల అడ్డంగా ఊపితే అక్కడితో ఆపాలి. పిల్లలకు చాక్లెట్లు, చిల్లర ఇచ్చి ఫొటోలకు నిలబెట్టడం అసలే వద్దు. బడి మాని రోడ్డు మీద నిలబడే అలవాటును మనమే చేసినవాళ్లమవుతాం.

అరకు దగ్గర ఒకాయన తక్కువ ధరకు స్థలం ఇప్పిస్తానంటున్నాడు. చిన్న ఇల్లు కట్టుకుంటే ఏటా గది అద్దెలు మిగులుతాయి కదా? స్థానికుడి పేరు మీద రాయిస్తానంటున్నాడు.
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, గుంటూరు

వద్దండీ. ఆ డబ్బు పోతుంది, చట్టాన్ని అతిక్రమించినవారూ అవుతారు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. దాన్నే అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. దాని ప్రకారం ఇక్కడి భూమి గిరిజనులకు, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు తప్ప మరెవరికీ బదిలీ కాదు. అమ్మకమే కాదు, లీజు, తనఖా, దానం ఏదీ చెల్లదు. గిరిజనేతరుడి దగ్గర గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. గిరిజనుడి పేరు మీద మీ డబ్బుతో రాయించడం బినామీ.

ఈ చట్టానికి బలం పెరిగింది మీరు చూడబోయే బొర్రా దగ్గరే. అనంతగిరి మండలంలో బొర్రా ప్రాంతపు భూముల్ని ఖనిజ తవ్వకాలకు ప్రైవేటు కంపెనీలకు లీజుకిస్తే, సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదన్నది. ప్రభుత్వానికే లేని హక్కు మీ దళారికి ఎక్కడి నుంచి వస్తుంది?

మీ కోరికలో తప్పు లేదు. ఆ కొండగాలి ఎవరికైనా ఏటా కావాలనిపిస్తుంది. దానికి స్థలం అక్కర్లేదు. ఏటా ఒకే గిరిజన కుటుంబం దగ్గర నాలుగు రోజులు బస చేయండి. అద్దె, భోజనం, పసుపు, మిరియాలు, కాఫీ అన్నీ వాళ్ల దగ్గరే తీసుకోండి. ఇల్లు కట్టి, కాపలా పెట్టి, కోర్టుల చుట్టూ తిరిగే ఖర్చులో ఆవగింజంత కూడా కాదది. మీకు ఏటా ఎదురుచూసే ఇల్లొకటి ఉంటుంది. వాళ్ల భూమి వాళ్ల దగ్గరే ఉంటుంది.